నీరు కారే చోటు వేరు, దూరే చోటు వేరు



తొలకరి జల్లు పడగానే కొత్త ఇంటివారు కిటికీలు తెరిచి చల్లగాలి పీల్చుకుంటారు. పాత ఇంటివారు మాత్రం తలెత్తి కప్పు వైపు చూస్తారు. ఎక్కడ గిన్నె పెట్టాలో, ఏ మూల నుండి బియ్యపు డబ్బా జరపాలో ఆ ఇంటి ఇల్లాలికి కంఠతా వచ్చి ఉంటుంది. మరునాడు తాపీమేస్త్రీని పిలుస్తారు. అతడు నిచ్చెన వేసుకుని పైకెక్కి, కంటికి కనిపించిన పగులులో సిమెంటు కూరి, కూలి పుచ్చుకుని వెళ్ళిపోతాడు. మరుసటి వానకు మళ్ళీ అదే చోటు, అదే గిన్నె.

ఈ నెల మన శీర్షికలో పాత ఇళ్ళ వంటగది పొగగొట్టం చుట్టూ వచ్చే ఉరుపు గురించి ముచ్చటించుకుందాం. విషయం చిన్నదిగానే కనిపిస్తుంది. కాని దీనివల్ల దూలాలు పుచ్చి కప్పులు కుంగిన ఇళ్ళు ఉన్నాయి. ఒకే గోడకు అటూ ఇటూ నివసించే అన్నదమ్ములు మాటలు మానుకున్న ఇళ్ళూ ఉన్నాయి. రెండు నష్టాలకూ మూలం ఒక్కటే: విచారణకు ముందే తీర్పు చెప్పడం. నీరు కారే చోటును చూసి, అదే నీరు దూరిన చోటని నిర్ణయించుకోవడం.

పొయ్యి ఆరింది, ఉరుపు మొదలైంది

"అబ్బాజాన్ కాలంలో ఈ పొగగొట్టం ఎన్నడూ కారలేదు. ఇప్పుడెందుకు కారుతున్నది?" అని చాలామంది అడుగుతుంటారు. ప్రశ్నలోనే సగం సమాధానం ఉంది. ఆ కాలంలో కట్టెల పొయ్యి పూటపూటకూ మండేది. ఆ వేడి గొట్టం గుండా పైకి పోతూ ఇటుకలను ఆరబెట్టేది. ఇటుక అప్పుడు కూడా వాననీటిని పీల్చేది. అయితే పీల్చిన నీరు లోపలికి చేరకముందే ఆవిరైపోయేది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకం వచ్చాయి. గ్యాసు పొయ్యి పల్లెలకూ చేరింది. ఇల్లాలి కళ్ళకూ, ఊపిరితిత్తులకూ అది గొప్ప మేలు. అందులో సందేహం లేదు. పొగగొట్టం మాత్రం చల్లబడిపోయింది. ఏడాదిలో బక్రీదుకో, పెళ్ళికో తప్ప దానిలో వేడి పుట్టదు. తడిసిన ఇటుక తడిసినట్లే ఉండిపోయి, చెమ్మ అంగుళం అంగుళంగా లోపలికి నడుస్తుంది.

రెండవ కారణం మనం చేయించే మరమ్మతులే. పాత ఇళ్ళ ఇటుకలను సున్నంతో కట్టారు. పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో పేటెంటు లభించినదే 1824లో. 1591 నాటి చార్మినారు సున్నపు గారతో నిలిచిన కట్టడమే. సున్నం మెత్తనిది. ఎండకు ఇటుక సాగినప్పుడు, చలికి ముడుచుకున్నప్పుడు దానితోపాటు తానూ సర్దుకుంటుంది. లోపలి చెమ్మను బయటకు పోనిస్తుంది. సిమెంటు గట్టిది, అంత సులువుగా సర్దుకోదు. మెత్తని పాత ఇటుకపై దట్టంగా పూస్తే కొంతకాలానికి రెంటి మధ్య వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది. ఆ సందులో దూరిన నీరు తిరిగి బయటకు రాలేక లోపలి దారి పడుతుంది. పైకి నున్నగా కనిపించే పూత వెనుక ఇటుక నానుతూనే ఉంటుంది.

నీటికి నాలుగు దారులు

పొగగొట్టం వద్ద తడి చేరడానికి ముఖ్యంగా నాలుగు దారులున్నాయి. ఒక్కొక్క దారికీ ఒక్కొక్క గుర్తు ఉంది.

మొదటిది గొట్టం నోరు. అందరూ ముందుగా అనుమానించేది దీనినే. ఇందులో పడిన నీరు తిన్నగా పొయ్యి గూటిలోకి దిగి, మసితో కలిసి నల్లగా చేరుతుంది. దూరాన ఉన్న గదిలో చుక్క పడుతున్నదంటే నోటి మీద నేరం మోపే ముందు ఆలోచించాలి.

రెండవది గొట్టం నెత్తి మీది పలక, ఇటుక ఒళ్ళు. పలక బీటలు వారినా, ఇటుకల మధ్య సున్నం రాలిపోయినా గాలివాన నీరు ఒంట్లోకి ఇంకుతుంది. ఇది నెమ్మదైన దారి. వాన మొదలైన ఎన్నో గంటలకు, కొన్నిసార్లు మరునాటికి గాని గోడపై చెమ్మ కనిపించదు. మసి గుండా వచ్చిన నీరు కనుక మరక గోధుమ రంగులో ఉంటుంది.

మూడవది గొట్టం కప్పును చీల్చుకుని పైకి వచ్చే చోట ఉండే అతుకు. నాలుగు వైపులలోనూ ఎగువ వైపు, అంటే వాలు మీది నీరు వచ్చి గొట్టానికి తగిలే వైపు, అన్నిటికంటే ప్రమాదకరం. ఒక చిన్న లెక్క చూడండి. చదరపు మీటరు స్థలంపై ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీరు. గొట్టం వెడల్పు 75 సెంటీమీటర్లు, దానికి ఎగువన ఉన్న వాలు పొడవు 4 మీటర్లు అనుకుందాం. అంటే 3 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఆ వాలు మీదుగా 150 లీటర్లు, 15 లీటర్ల బిందెలతో పది బిందెల నీరు, వచ్చి గొట్టం వీపును కొడుతుంది. అదే వానకు తొమ్మిది అంగుళాల చదరపు నోటిలో పడేది రెండున్నర లీటర్లు మాత్రమే. మనం నోటికి టోపీ పెట్టి నిశ్చింతగా ఉంటాం. పది బిందెల నీరు వెనుకనుండి తన పని తాను చేసుకుపోతుంది.

నాల్గవది వాననీరు కానే కాదు. చల్లని గొట్టంలో లోపలి ఆవిరి నీటిబిందువులుగా మారడం ఒకటి. పాత మసిలోని లవణాలు గాలిలోని తేమను పీల్చి గోడను చెమ్మగిల్లజేయడం మరొకటి. వాన లేని రోజుల్లో, చలికాలపు ఉదయాల్లో, లేదా ఉక్కపోసే వేళల్లో మరక ముదిరితే దీనిని అనుమానించాలి. దీనికోసం కప్పు మీద ఎంత ఖర్చు పెట్టినా ఫలితం ఉండదు.

అయిదేళ్ళ తగవు

గుంటూరు జిల్లాలో మా దూరపు బంధువుల ఇల్లొకటి ఉంది. తండ్రి కట్టించిన మంగుళూరు పెంకుల ఇల్లు. ఆయన మరణానంతరం ఇద్దరు కుమారులు నడిమి గోడను హద్దుగా చేసుకుని చెరిసగం పంచుకున్నారు. వంటగది, దాని పొగగొట్టం పెద్దాయన వైపు వచ్చాయి. గొట్టం నడిమి గోడకు ఆనుకుని, తూర్పు వాలులో పైకి లేస్తుంది. చుక్క పడేది మాత్రం చిన్నాయన పడకగదిలో, గొట్టానికి ఎనిమిది అడుగుల దూరంలో.

మొదటి ఏడు పెద్దాయన తన ఖర్చుతో గొట్టం నోటికి రేకు టోపీ పెట్టించాడు. ఉరుపు ఆగలేదు. రెండవ ఏడు చిన్నాయన తన గది మీది పెంకులన్నీ మార్పించాడు. ఆగలేదు. మూడవ ఏడు గొట్టం మొదట్లో తారు పోయించారు. అది ఒక్క వేసవి ఎండకే పగిలింది. నాలుగవ ఏడు ఆ తారు మీదే మందంగా సిమెంటు పూయించారు. అయిదవ ఏడు మరమ్మతు లేదు, మాటలే మిగిలాయి. "భాయీజాన్ తన వంటిల్లు పొడిగా ఉంటే చాలనుకుంటున్నారు" అని తమ్ముడు. "వాడి పెంకులు వాడు సరిగా వేయించుకోక నా మీద పడుతున్నాడు" అని అన్న. తరువాత ఆ మాటలు కూడా ఆగిపోయాయి. వృద్ధురాలైన తల్లి ఉదయం ఒక గుమ్మంలో, సాయంత్రం మరో గుమ్మంలో కూర్చుని రోజులు గడుపుతుండేది.

ఖర్చులో ఎవరి వాటా ఎంతో తేల్చమని నన్ను పిలిచారు. తాపీపని నాకు తెలియదు కనుక, పాత ఇళ్ళ పనిలో నలిగిన ఒక వృద్ధ మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన పైకి ఎక్కలేదు. కింద నిలబడి అన్నదమ్ములను ఒకే ప్రశ్న అడిగాడు: "వాన మొదలైన ఎంతసేపటికి చుక్క పడుతుంది?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అయిదేళ్ళుగా తగవులాడుకుంటున్న విషయంలో ఈ సంగతి ఎవరికీ తెలియదు.

ఒక నోటు పుస్తకం

ఆ రోజు నుండి ఎనిమిదవ తరగతి చదువుతున్న చిన్నాయన కుమార్తెకు ఒక నోటు పుస్తకం అప్పగించారు. వాన మొదలైన వేళ, ఆగిన వేళ, హోరువానా, జల్లా, గాలి ఎటునుండి, చుక్క ఎప్పుడు పడింది, ఎప్పుడు ఆగింది, నీటి రంగు ఏమిటి. ఈ మాత్రమే రాయమన్నారు. జులై, ఆగస్టు నెలల్లో ఏడు వానలు రాసింది. పుస్తకం చూస్తే ఒక సంగతి స్పష్టమైంది. జల్లు పూటంతా కురిసినా చుక్క లేదు. హోరువాన పడితే పావుగంటలో చుక్క. వాన ఆగిన కొద్దిసేపటికే అదీ ఆగింది. నీరు తేటగా ఉంది.

మేస్త్రీ దానిని ఇలా వివరించాడు: ఇటుక పీల్చి వదిలే నీరు ఇంత త్వరగా రాదు, ఇంత తేటగానూ ఉండదు. ఎక్కడో నీరు నిలిచి, నిండి, పొర్లుతున్నది. చిన్న వానకు నిండదు, పెద్ద వానకు నిండుతుంది.

ఆగస్టు చివర నాలుగు రోజులు ఎండ కాసింది. అప్పుడు పరీక్ష పెట్టారు. ఒకరు కప్పు మీద నీటి గొట్టంతో, మరొకరు గదిలో టార్చిలైటుతో. ముందుగా పొగగొట్టానికి దిగువ వైపు పావుగంట నీరు వదిలారు. ఏమీ లేదు. తరువాత కుడి పక్క, ఎడమ పక్క. ఏమీ లేదు. ఎగువ వైపు వదిలిన పది నిమిషాలకు గదిలోనుండి కేక వినిపించింది.

ఈ క్రమం ముఖ్యం: ఎప్పుడూ కిందినుండి పైకి పోవాలి. పైన మొదలుపెడితే నీరు జారి అన్ని చోట్లనూ తడుపుతుంది. ఏ చోటు దోషిదో తేలదు.

ఎగువ వైపు పెంకులు ఎత్తి చూశారు. వేపాకులు, మట్టి కలిసి గొట్టం వెనుక చిన్న ఆనకట్టలా పేరుకుని ఉన్నాయి. నాలుగవ ఏటి సిమెంటు పూత ఇటుకనుండి విడిపోయి, అరచేతి పొడవున సందు నోరు తెరిచి ఉంది. హోరువానకు ఆకుల వెనుక నీరు నిలిచి, ఆ సందులోకి దిగి, వాసం వెంట జారి, కింది దూలాన్ని పట్టుకుని, గోడ దాటి, దూలం కాస్త కుంగిన చోట చిన్నాయన గదిలో చుక్కగా రాలుతున్నది. ఎనిమిది అడుగుల ప్రయాణం. గొట్టం పెద్దాయనదే. కాని ఆయన వంటింట్లో ఒక్క చుక్కయినా పడకపోవడమూ నిజమే. ఇద్దరూ తమకు కనిపించినంత మేరకు సత్యమే చెబుతున్నారు.

మేస్త్రీ దూలం కొనలో స్క్రూడ్రైవర్ గుచ్చాడు. అది అంగుళం లోతు మెత్తగా దిగిపోయింది. పైకి రంగు వేసి ఉన్న దూలం లోపల పుచ్చిపోయింది. అప్పటిదాకా వాటాలు లెక్కించడానికి కూర్చున్న మేమందరం లేచి నిలబడ్డాం. ఆ దూలం సగం ఒకరి వంటింట్లో, సగం మరొకరి పడకగదిలో ఉంది. పిల్లలు నిద్రపోయేది దాని కిందనే.

"తమ్ముడూ, దీన్ని ఎలా పంచుకుంటాం?" అన్నాడు పెద్దాయన.

"పంచుకోవడం ఎందుకు భాయీజాన్, ముందు ముట్టు పెట్టిద్దాం" అన్నాడు చిన్నాయన. ఆ సాయంత్రమే దూలం కింద ఆసరా గుంజలు నిలబెట్టారు.

రెండవ ఉరుపు

వడ్రంగి పుచ్చిన కొనను కోసి కొత్త చేవకర్ర అతికాడు. గొట్టం ఎగువ వైపు రేకు వేశారు. సెప్టెంబరు వానలకు గది పొడిగా ఉంది. అక్టోబరులో ఈశాన్య రుతుపవనం మొదలై తూర్పు గాలితో రెండు రోజులు వాన కురిశాక, చిన్నాయన గదిలో నడిమి గోడపై గోధుమ రంగు మరక పొడసూపింది.

అతని మనసులో పాత అనుమానం మళ్ళీ తల ఎత్తింది. పని సగం చేయించి వదిలేశారేమోనని. అప్పుడు అతని కుమార్తె నోటు పుస్తకం తీసింది. మునుపటి నీరు తేట, ఇది గోధుమ రంగు. మునుపు పావుగంటలో, ఇప్పుడు ఒక రోజు తరువాత. మునుపు దూలం నుండి, ఇప్పుడు గోడ నుండి. ఇది ఆగని పాత ఉరుపు కాదు. పాత దాని చాటున దాగి ఉన్న మరో ఉరుపు.

గొట్టం వాడుకలో లేదు కనుక, తరువాతి వానకు ముందు దానిని నెత్తినుండి మొదలు వరకు టార్పాలిన్ పట్టాతో చుట్టి తాడు కట్టారు. మరక విస్తరించలేదు. దోషం ఇటుక ఒంటిలోనే ఉందని రూఢి అయింది. జనవరిలో తూర్పు ముఖంలోని సందులు తిరిగి నింపి, నెత్తి మీది పలకను కొత్తగా పోశారు. అప్పటినుండి రెండు వానాకాలాలు గడిచాయి. చుక్క లేదు. మరక రంగు మాత్రం ఇంకా లీలగా ఉంది. గోడ ఏళ్ళ తరబడి తాగిన చెమ్మ ఒక్క వేసవిలో పోదు.

మరమ్మతు ఎలా ఉండాలి?

విచారణ పూర్తయ్యాక మరమ్మతు పైనుండి కిందికి సాగాలి. పైన పని చేసేటప్పుడు రాలే చెత్త, సున్నం కింద చేసిన కొత్త పనిని పాడుచేయకూడదు కదా.

నెత్తి మీది పలక: మధ్యలో ఎత్తుగా, నాలుగు వైపులకూ వాలుగా ఉండాలి. గోడకంటే కనీసం రెండు అంగుళాలు ముందుకు రావాలి. ఆ ముందుకు వచ్చిన భాగం అడుగున సన్నని గాడి ఉంచాలి. నీరు ఆ గాడి వద్ద తెగి కింద పడుతుంది. గాడి లేకపోతే అంచు చుట్టి తిరిగి గోడనే పట్టుకుంటుంది. నోటి మీద టోపీ పెట్టేవారు పొగ ధారాళంగా పోయేంత ఖాళీ విడిచిపెట్టి, పక్షులు దూరకుండా జాలీ బిగించాలి.

ఇటుక సందులు: రాలిన సున్నాన్ని ముప్పావు అంగుళం లోతు వరకు గీకి, దుమ్ము దులిపి, నీరు చల్లి, అప్పుడు నింపాలి. పైపైన పామితే నిలవదు. బాగా నానిన సున్నం ఒక వంతుకు రెండున్నర, మూడు వంతుల ఇసుక సాధారణ పాళ్ళు. వానకు నేరుగా గురయ్యే చోట కొంత ఇటుకపొడి, అంటే సురఖీ, కలిపితే సున్నానికి తడిలోనూ గట్టిపడే గుణం వస్తుంది. సున్నపు పని తెలిసినవారు దొరకనప్పుడు సిమెంటు ఒక వంతు, సున్నం ఒక వంతు, ఇసుక ఆరు వంతుల మిశ్రమం వాడవచ్చు. ఉత్త సిమెంటు మాత్రం వద్దు. పని అయ్యాక వారం రోజులపాటు తడి గోనెపట్టా కప్పి నెమ్మదిగా ఆరనివ్వాలి. మండుటెండలో గాని, వాన ముంచుకొస్తున్నప్పుడు గాని ఈ పని పెట్టుకోకూడదు.

అతుకు: దీనికి ఒకే సూత్రం. పైది ఎప్పుడూ కిందిదాని మీదుగా రావాలి, చేప పొలుసుల్లా. గొట్టానికి దిగువ వైపు వేసే రేకు పెంకుల మీదుగా ఉండాలి. ఎగువ వైపు వేసే రేకు పెంకుల కిందికి కనీసం ఒక అడుగు దూరాలి, గొట్టం గోడ మీదికి ఆరు అంగుళాలు లేవాలి. గోడ మీది ఆ అంచును అలాగే వదిలేస్తే దాని వెనుకనుండి నీరు దిగుతుంది. కనుక దాని మీదుగా మరో రేకు పట్టీని, పై అంచు అంగుళం మేర ఇటుక సందులోకి దూరేటట్లు బిగించి, సున్నంతో నింపాలి. రెండు రేకులను ఒకదానితో ఒకటి అతికించకూడదు. కప్పు, గొట్టం వేర్వేరుగా కదులుతాయి. ఆ కదలికకు చోటుండాలి. గొట్టం వెడల్పుగా ఉంటే ఎగువ వైపు చిన్న దిబ్బలా రెండు వాలుల రేకు అమర్చితే నీరు, ఆకులు నిలవకుండా అటూ ఇటూ చీలిపోతాయి. జింకు రేకు సాధారణంగా సరిపోతుంది. అల్యూమినియం వాడితే తడి సున్నం, సిమెంటు తగిలే మేరకు పూత పూయాలి. లేకపోతే అది తినుకుపోతుంది.

మిద్దె ఇళ్ళలో వాలు ఉండదు కనుక కథ కొంచెం మారుతుంది. దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, ఇటుకముక్కల సున్నపు గచ్చును దిమ్మిసతో కొట్టి చేసిన పాత మద్రాసు టెర్రస్‌లలో నీరు నిలవడమే మొదటి శత్రువు. ముందు తూము శుభ్రంగా ఉందో లేదో చూడండి. గచ్చు, గొట్టం కలిసే మూలలో పగులు ఉంటే గీకి, ఆ మూలను ఆరు అంగుళాల ఎత్తున గుండ్రని వాలుగా సున్నంతో దిద్దించండి. రావిమొక్క మొలిస్తే పైకి తుంచి ఊరుకోకండి. వేరు తీయకపోతే అది మళ్ళీ చిగురిస్తుంది, గోడను చీలుస్తుంది.

ఇక వాడని గొట్టాన్ని పైనా కిందా బిగించి మూసేయడం చాలా ఇళ్ళలో జరుగుతున్నది. గాలి ఆడని గొట్టంలో చెమ్మ బందీ అవుతుంది. పైన వాన పడని కప్పు, పక్కలకు గాలి రంధ్రాలు. కింద అరచేయంత జాలీ ఉంచితే అది పొడిగా ఉంటుంది. ఇక ఎన్నటికీ వాడబోమనుకుంటే కప్పు కిందివరకు విప్పించి పెంకులు వేయించుకోవచ్చు. అయితే ఏ దూలమైనా ఆ గొట్టానికి ఆని ఉందేమో ముందు చూసుకోవాలి.

ప్రాణం కంటే పైకప్పు ఎక్కువ కాదు

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. చెమ్మ పట్టిన గోడలో స్విచ్ బోర్డు ఉంటే ఆ గదికి విద్యుత్తు ఆపించి, ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. తడి పెంకుల మీద, పాచి పట్టిన గచ్చు మీద ఎవరినీ ఎక్కించకండి. వానలో పరుగున ఎక్కి పట్టా కప్పే సాహసం అసలే వద్దు. దూలం మెత్తబడిందని తెలిస్తే ముందు గుంజ నిలిపి, ఆ గదిలో పడక మార్చి, తరువాత ఖర్చు సంగతి మాట్లాడుకోండి. పరీక్ష కోసం గొట్టానికి పట్టా కట్టినవారు పొయ్యి వెలిగించేముందు దానిని తప్పక తీసివేయాలి. పొగ పోయే దారి లేని వంటింట్లో బొగ్గుపులుసు వాయువుతోపాటు కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. పండుగకు ఏడాది తరువాత పొయ్యి వెలిగించే ఇళ్ళలో గూళ్ళు, మసి తీయించి, చిన్న మంటతో పొగ పైకి పోతున్నదో లేదో చూసుకుని, అప్పుడే పెద్ద డేగిసా ఎక్కించాలి.

అద్దె ఇళ్ళలో ఉన్నవారికి ఒక మాట. యజమానితో "మీ ఇల్లు ఉరుస్తున్నది" అని చెబితే అది ఫిర్యాదు. ఎప్పుడు, ఏ గాలికి, ఎంతసేపటికి, ఏ రంగులో కారిందో నాలుగు వానల వివరం రాసి ఇస్తే అది ఆధారం. ఆధారాన్ని కాదనడం కష్టం. దానితో మేస్త్రీ పని కూడా సులువవుతుంది. యజమానులు కూడా గ్రహించవలసినది ఒకటుంది. ఏటా చేయించే అతుకుల ఖర్చు నాలుగేళ్ళది కలిపి చూస్తే, ఒక్కసారి సరిగా చేయించే పని తరచుగా చౌకగానే ఉంటుంది.

నైరుతి రుతుపవనం సాధారణంగా జూన్‌లో మన జిల్లాలకు చేరుతుంది. ఏప్రిల్‌లోనే గొట్టం వెనుక ఆకులు తీయించండి. పలకనూ, సందులనూ చూడండి, దూలం కొనలు గుచ్చి చూడండి. ఈ ఏడు వాన ముందుగానే పట్టుకుంటే కంగారుపడి సిమెంటు సంచి తెప్పించకండి. గిన్నె పెట్టండి, పక్కనే ఒక నోటు పుస్తకం కూడా పెట్టండి. నాలుగు వానలు రాశాక, గోడకు అవతల ఉన్నవారిని కూడా పిలిచి, ఇద్దరూ కలిసి ఆ పుస్తకం చదవండి.